సముద్రం ఊళ్లో లేదు

హన్మకొండకు వచ్చి మూడు రోజులైంది. ఏడాది తర్వాత ఇంటికొచ్చిన పిల్లను చదువు ఎట్లుంది, చలి ఎట్లుంది, వంట ఎవరు చేస్తారు అని అడుగుతారనుకుంటాం కదా. ఆటో దిగి సూట్‌కేసు కింద పెట్టకముందే ఎదురింటి ఆంటీ గోడ మీది నుంచి అడిగిన మొదటి మాట, "బూటు దొరికిందా బిడ్డా?"

దొరకలేదు ఆంటీ. అది ఇప్పుడు ఇంగ్లండు ఆస్తి.

సంగతి పోయిన శనివారంది. చివరి అసైన్‌మెంట్ ఇచ్చేశాం, ఒక్క రోజు సముద్రం ఒడ్డున ఏ పనీ లేకుండా కూర్చుందామని నలుగురం అనుకున్నాం. నేను, నా రూమ్మేట్ సిరిసిల్ల పిల్ల, నిజామాబాద్ అన్న, ఇంకా ధర్మపురి నుంచి వచ్చిన మా వాట్సాప్ గ్రూప్ అడ్మిన్. సముద్రమంటే మాకుండే ఆశ ఒడ్డున పుట్టినవాళ్లకు అర్థం కాదు. వరంగల్ వాళ్లకు చెరువులకేం కొదవ, భద్రకాళి, వడ్డేపల్లి, కొంచెం దూరం పోతే పాకాల, రామప్ప, లక్నవరం. సముద్రం కావాలంటే మాత్రం రైలెక్కి బాపట్ల దాకా పోవాల్సిందే.

మేం చదివే బ్రిస్టల్ నుంచి వెస్టన్-సూపర్-మేర్ అనే ఊరు రైల్లో అరగంట పైచిలుకు. "సూపర్ మేర్" అంటే లాటిన్‌లో సముద్రం మీద అని అర్థమట. ఊరి పేర్లనే సముద్రం ఉంటే ఇంకేం చూసుకోవాలె అన్నాడు అడ్మిన్. రైలు టికెట్టు ఎప్పుడు చవకో చూశాడు, వాన పడుతుందా లేదా చూశాడు, చిప్స్ ఏ కొట్టులో బాగుంటాయో రివ్యూలతో సహా చూశాడు.

స్టేషన్లో దిగి, నడిచి, ఒడ్డు గోడ దగ్గర నిలబడి చూస్తే సముద్రం లేదు.

లేదంటే లేదు. ఇసుక ఉంది. పిల్లలను ఎక్కించుకుని తిప్పే గాడిదలు వరసగా ఉన్నాయి. 1904లో తెరిచి, 2008లో కాలిపోతే 2010లో మళ్లీ తెరిచిన గ్రాండ్ పియర్, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి స్తంభాల మీద కట్టిన వంతెన లాంటిది, ఉంది, నీళ్ల మీద ఉండాల్సింది కాస్తా చీర కుచ్చిళ్లు పైకి దోపుకున్న ముసలవ్వలా కాళ్లన్నీ బయటపెట్టి నిలబడి ఉంది. నీళ్లేమో ఎక్కడో కొసకు సన్నటి గీత. మండలాఫీసుకు పోతే "సారు మీటింగుకు పోయిండు, పొద్దుగూకి రాండ్రి" అన్నట్టుంది మా పరిస్థితి.

తర్వాత తెలిసిందేమంటే, అక్కడ ఆటుకూ పోటుకూ తేడా కొన్ని రోజుల్లో 14 మీటర్ల దాకా ఉంటుందట, అంటే మా నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు మునిగేంత. ప్రపంచంలో కెనడా తర్వాత ఇక్కడే అంటారు. సముద్రం నోరు వెడల్పు, లోపలికి పోనుపోను గరాటులా ఇరుకు, అందుకని వస్తే ఒక్కసారిగా పైకొస్తుంది, పోతే మైలు పైనే పోతుంది. ఇదేం రహస్యం కాదు, ఏ రోజు ఎన్ని గంటలకు పోటో రైళ్ల టైంటేబుల్ లాగే ముందే వేసి పెడతారు. మా అడ్మిన్ మాస్టర్స్ చేస్తున్నది నీటి వనరుల ఇంజినీరింగ్‌లో. ఈ ఒక్క ముక్క చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

మరి వాపస్ పోదామా అంటే, లేదు, నీళ్ల దాకా నడుద్దామన్నాడు. దిగబడే బురద ఉంది, ముందుకు పోవద్దు అని అంత పెద్ద బోర్డు.

"గా బోర్డు టూరిస్టులకు. గోదారి ఒడ్డుకు పుట్టినోన్ని, నాకు నీళ్ల గురించి చెప్తున్నరా?"

"మరి మనమెవరం?" అని సిరిసిల్ల పిల్ల అడిగింది. వినపడనట్టు నడిచాడు.

నా తప్పు కూడా ఉంది. అప్పటికే అమ్మకు వీడియో కాల్ కలిపాను, సముద్రం చూపిస్తానని వారం నుంచి ఊరిస్తున్నా మరి. అక్కడ మధ్యాహ్నం రెండు, హన్మకొండలో సాయంత్రం ఆరున్నర. "ఏదే సముద్రం?" అంటుంది అమ్మ. ఇంకొంచెం ముందుందమ్మా అంటూ ఫోన్ పైకెత్తుకుని, కింద చూడకుండా నేను. వెనక నుంచి నాన్న గొంతు, "2024ల పూడిక తీసెతందుకు నీళ్లు ఇడిసిపెడితే మన భద్రకాళి చెరువు గిట్లనే కనవడ్డది." ఆ మాట పూర్తయ్యేలోపు నా కుడికాలు చాయ్‌లో మరీ ఎక్కువసేపు ముంచిన బిస్కెట్టయింది.

పిక్క దాకా పోయింది. దాన్ని లాగడానికి ఎడమకాలు గట్టిగా ఆనించాను, అదీ పోయింది. బురద అంటే మనకు తెలిసిన బురద కాదు, చల్లగా, బూడిద రంగులో, పిసికి పెట్టిన పిండిలా, కదిలితే లోపల గుబుక్కుమని శబ్దం. పట్టుకుందంటే చిట్టీ పైసలు బాకీ పడ్డవాణ్ణి బజార్లో పట్టుకున్నట్టే. నా కేక విని అమ్మ భయపడుతుందనుకున్నా. భయపడలేదు. నర్సంపేట దిక్కు పల్లెలో పెళ్లయ్యేదాకా నాట్లు వేసిన మనిషి, ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ పొలంలోకి దిగినట్టు అందుకుంది.

"పైకి గుంజకు! మడిమె ఆడియ్యి, పక్కలకు తిప్పు, సందుల గాలి పోనియ్యి! బూట్లేసుకొని బురదల దిగుతరానే ఎవరన్నా?"

అంతా స్పీకర్లో. సరిగ్గా అప్పుడే పెరుగు తోడుకని గిన్నె పట్టుకుని వచ్చిన ఎదురింటి ఆంటీ అమ్మ భుజం మీది నుంచి తొంగిచూసి, "అయ్యో, పిల్ల పొలం పనికి పోయిందా ఏంది, చదువుకంటిరి గదా" అంది.

గట్టి ఇసుక మీద నిలబడి ఎనిమిదేళ్ల పిల్లాడొకడు, చేతిలో ప్లాస్టిక్ బకెట్, చాలా మర్యాదగా నాకు చెప్తున్నాడు, వెనక్కి వాలి కూర్చోండి, కాళ్లు మెల్లగా ఆడించండి అని. ఎడమ చెవిలో వాడు, కుడి చెవిలో అమ్మ, చెప్పేది మాత్రం ఒక్కటే. బడికి పోయే ఆ పిల్లాడికీ, నాట్లు మానేసి ముప్పై ఏళ్లయిన అమ్మకూ తెలిసిన సంగతి లక్షలు అప్పు చేసి చదువుతున్న నాకు తెలియదు. నిజామాబాద్ అన్న తువ్వాల విసిరాడు, అది అందలేదు, దానికీ బురదయింది. మరి గోదారి ఒడ్డు బిడ్డ ఏం చేస్తున్నాడని చూస్తే, ఫోన్లో తలపెట్టి ఆటుపోట్ల యాప్ డౌన్‌లోడ్ చేస్తున్నాడు!

"ఎనిమిదింటికి వస్తదట" అన్నాడు, చాలా కనిపెట్టినట్టు.

మా తిరుగు రైలు నాలుగింటికి. చవకని బుక్ చేసింది ఆయనే.

చివరికి బురదలో చతికిలబడి కూర్చుంటే కాళ్లొచ్చాయి. కుడి బూటు రాలేదు. కాలికి చిప్స్ తెచ్చిన కవరు కట్టుకుని రైల్లో బ్రిస్టల్ దాకా వచ్చాను, ఎదురు సీటామె దారి పొడుగునా కిటికీలోంచే చూసింది. రాత్రి అడ్మిన్ గ్రూపులో ఖర్చుల లెక్క పెట్టాడు, రైలు నలుగురికి సమానం, చిప్స్ నలుగురికి సమానం, బూటు "వ్యక్తిగతం".

నిన్న ఎదురింటి ఆంటీ కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. వాడికి సెప్టెంబర్‌కు వీసా వచ్చిందట. కోర్సు గురించి అడుగుతారేమోనని సర్దుకుని కూర్చున్నాను.

"బిడ్డా, మోకాళ్ల దాక ఉండే బూట్లు ఇక్కన్నే కొనుక్కొని పొమ్మంటవా, ఆడ దొరుకుతయా?"

నేను నోరు తెరిచేలోపే వంటింట్లోంచి అమ్మ, "ఇక్కన్నే కొనియ్యి వదినా! రెండు జతలు!"