ఙ తో పేరు పెట్టండి చూద్దాం

మా అక్క కూతురిది ఆర్ద్రా నక్షత్రం, మూడో పాదం. బారసాల నాటికే అక్క ఇంటర్నెట్టంతా గాలించి 'క్రిషికా' అని ఖాయం చేసుకుంది. అర్థం అడిగితే 'మోడర్న్‌గా ఉంటుంది' అంది. వాళ్ళత్తగారు మాత్రం నక్షత్రం ప్రకారమే పెట్టాలని పీటల మీద పట్టుబట్టారు. పంతులుగారు పంచాంగం తిరగేసి, 'ఙ వచ్చిందమ్మా' అన్నారు.

అందరం ఆయన గొంతులో ఏదో అడ్డం పడిందనుకున్నాం. అత్తగారు మంచినీళ్ళు కూడా తెప్పించారు.

ఇరవై ఏడు నక్షత్రాలు, ఒక్కోదానికి నాలుగు పాదాలు, వెరసి 108 అక్షరాలు. అశ్విని వాళ్ళకి చు, చే, చో, ల. నాలుగో పాదమైతే లలితో, లక్ష్మో అని చేతులు దులుపుకోవచ్చు. ఆర్ద్ర వాళ్ళకి కు, ఘ, ఙ, ఛ. హస్తలో ణ, ఠ కూడా ఉన్నాయి. మా బావది ఆ ణ పాదమే. ఆయనకి శ్రీనివాసు అన్న పేరు ఎలా వచ్చిందో ఆ పూట ఎవరూ అడగలేదు.

బావ ఉంగరం పట్టుకుని పళ్ళెంలో బియ్యం మీదకి వంగాడు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ఆ అక్షరం ఎలా రాస్తారో ఒక్కరికీ గుర్తులేదు. చివరికి రెండో తరగతి చదివే పక్కింటి బుడ్డోడు గారె నములుతూనే వచ్చి, ఎడంచేత్తో గీసి పోయాడు.

'వాఙ్మయి అని పెట్టండి' అన్నారు తెలుగు మాస్టారుగా రిటైరైన మావయ్యగారు.

'అందులో ఙ మధ్యలో ఉంది కదండీ!' అన్నారు అత్తగారు.

'ఆ మాత్రం దొరికిందే ఎక్కువ. మొదట్లో కావాలంటే మన తెలుగులో దొరకదు.'

వీడియో కాల్‌లో ఉన్న బావ తమ్ముడు మెల్‌బోర్న్ నుంచి అందుకున్నాడు. వాళ్ళ ఆఫీసులో వియత్నాం వాళ్ళు బోలెడుమంది. ఆ దేశంలో సుమారు మూడోవంతు మందికి ఇంటిపేరు ఒకటేనట, ఙ్వియెన్. 1802 నుంచి 1945 దాకా ఏలిన రాజులదీ అదే ఇంటిపేరు. పైగా మనలాగే ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక.

'ఆడపిల్లలకి ఙోక్ అని పెడతారు వదినా. పచ్చరాయి అని అర్థం. అక్షరం కూడా సరిపోయింది!'

'ఏవిటీ, నోకా?' అన్నారు అత్తగారు. 'బళ్ళో అందరూ నూకాలమ్మ అంటారు, అవసరమా?'

వాదన అరగంట నడిచింది. పాప ఏడ్చి, పాలు తాగి, నిద్రపోయింది. పంతులుగారు నింపాదిగా కాఫీ ముగించి, గ్లాసు పక్కన పెట్టి, 'ఙ, ఞ, ణ లతో పేర్లు ఉండవు కనక వాటి బదులు వరసగా గ, జ, డ తీసుకోమని శాస్త్రంలోనే ఉందమ్మా' అన్నారు.

'ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా పంతులుగారూ!'

'మీరంతా మాట్లాడుకుంటున్నారు కదా, మధ్యలో దూరడం ఎందుకని...'

గ అనేసరికి అత్తగారి మొహం వెలిగిపోయింది. 'మా అత్తగారి పేరు గంగారత్నం!' అంటూ బావ చేతిలో ఉంగరం తనే సర్దారు. బావ ఒక్కసారి అక్క వైపు చూసి, గబగబా 'గం' రాసేశాడు.

అక్క నా చేతిలో ఫోన్ లాక్కుంది. 'కాల్ కట్ చెయ్యకయ్యా! ఆ వియత్నాం పేరేదో ఇంకోసారి చెప్పు, మీ అన్నయ్య రాసుకుంటారు.'