‘ఒక్క తీర్మానంతో అడవి మన ఊరిదే’ అనే ప్రచారంలో నిజమెంత?

కొన్ని వారాలుగా దేవరకొండ నుంచి జడ్చర్ల దాకా ఊరూరి వాట్సాప్ గ్రూపుల్లో ఒక పొడవాటి సందేశం తిరుగుతున్నది. దాని సారాంశం ఇది. రాజ్యాంగ 73వ సవరణతోనే ఊరి పొలిమేరలోని అడవి పంచాయతీకి దక్కిందట. ఫారెస్టు శాఖ దాన్ని వదలకుండా పట్టుకొని కూర్చున్నదట. పాలకవర్గం ఒక్క తీర్మానం చేస్తే అడవి తిరిగి వస్తుందట. మహారాష్ట్రలోని మెండా లేఖ అనే ఊరు అలాగే సాధించుకున్నదట. మహబూబ్‌నగర్ ఎకో పార్కును చూస్తే పనికిరాని తుప్పల అడవి ఎలా మారుతుందో తెలుస్తుందట. అక్కడి పాత మర్రిచెట్టు పిల్లలమర్రి పాడైంది ఫారెస్టోళ్ల వల్లేనట. ఊరికో పార్కు పెట్టి టికెట్టు వసూలు చేస్తే పంచాయతీ ఖర్చంతా అందులోనే వెళ్లిపోతుందట. చివర మామూలుగానే, పది మందికి పంపండి.

నాకు దీన్ని ముగ్గురు పంపారు. వారిలో ఒకడు 2025 డిసెంబరు ఎన్నికల్లో వార్డు సభ్యుడిగా గెలిచిన మా మేనల్లుడు. పంపి ఊరుకోకుండా, ‘మామా, తీర్మానం నువ్వే రాసియ్యాలె’ అని ఫోను కూడా చేశాడు. రాసే ముందు సందేశంలోని ఒక్కో మాటను చట్టం పక్కన పెట్టి చూశాను. నిలబడేది చాలా తక్కువ.

మొదటిది రాజ్యాంగం మాట. 1992లో ఆమోదం పొంది 1993 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన 73వ సవరణ రాజ్యాంగానికి పదకొండో షెడ్యూలును చేర్చిన సంగతి నిజం. అందులోని 29 అంశాల్లో ఆరోది సామాజిక అడవుల పెంపకం, పొలాల్లో చెట్ల పెంపకం. ఏడోది చిన్నతరహా అటవీ ఉత్పత్తులు. చెరువు కట్ట మీద, బాట పక్కన, పశువులు మేసే బంచరాయిలో పెంచే చెట్ల సంగతి అందులో ఉన్నది గానీ, ‘అడవులు’ అనే అంశం లేదు. అది 1976లో 42వ సవరణతో రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాలోకి మారి, ఇప్పటికీ అక్కడే ఉన్నది. పైగా ఆ 29 అంశాలైనా షెడ్యూలులో పేరున్నంత మాత్రాన పంచాయతీ చేతికి రావు. 243జి అధికరణం ప్రకారం రాష్ట్ర శాసనసభ చట్టం చేసి అప్పగించిన మేరకే వస్తాయి. పట్టణాల కోసం వచ్చిన పన్నెండో షెడ్యూలులోనూ పట్టణ వనాల పెంపకం, పార్కులు, తోటలు, ఆటస్థలాలు కనిపిస్తాయి తప్ప అడవులు కనిపించవు. ఆ జాబితాలు రాసినవారికి పార్కుకూ అడవికీ తేడా బాగానే తెలుసు.

రెండోది తీర్మానం. మన తెలంగాణలో రిజర్వు ఫారెస్టు అన్నది 1967 నాటి అటవీ చట్టం కింద ఏర్పడుతుంది. నాలుగో సెక్షన్ కింద ప్రతిపాదన ప్రకటన వెలువడి, హక్కుల విచారణ జరిగిన తర్వాత, పదిహేనో సెక్షన్ కింద తుది ప్రకటన వస్తుంది. అలా ఒకసారి రిజర్వు అయిన భూమిని ఆ జాబితా నుంచి తొలగించాలన్నా, వేరే పనికి వాడాలన్నా, ప్రైవేటు వ్యక్తికో సంస్థకో లీజుకివ్వాలన్నా 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం రెండో సెక్షన్ ప్రకారం కేంద్ర ప్రభుత్వ ముందస్తు అనుమతి ఉండాలి. ఆ షరతు రాష్ట్ర ప్రభుత్వానికి కూడా వర్తిస్తుంది. రాష్ట్ర మంత్రివర్గానికే లేని అధికారం సర్పంచి సంతకానికి ఎక్కడి నుంచి వస్తుంది?

‘మా గుట్ట రికార్డులో అడవే కాదు, పోరంబోకు’ అని కొందరు ఆ సందేశం కింద రాస్తున్నారు. దానికీ జవాబున్నది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, యజమాని ఎవరైనా సరే, నిఘంటువులో అడవి అనే మాటకున్న అర్థానికి సరిపోయే ప్రతి భూమికీ 1980 చట్టం వర్తిస్తుందని చెప్పింది. ఆ చట్టాన్ని 2023లో సవరించినప్పుడు ఈ అర్థాన్ని కుదించే ప్రయత్నం జరిగింది గానీ, 2024 ఫిబ్రవరిలో కోర్టు మధ్యంతర ఉత్తర్వుతో పాత అర్థాన్నే కొనసాగించమన్నది. రికార్డులో అడవి అని లేని కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్ల కొట్టివేతను 2025 ఏప్రిల్‌లో అదే కోర్టు ఆపించిన ఉదంతం మనమంతా టీవీల్లో చూసిందే. ‘రికార్డులో లేదు కదా’ అన్న ధీమాతో జేసీబీ పిలిచే సర్పంచి, ముందు ఒక మంచి లాయరును కూడా చూసుకోవడం మేలు.

మెండా లేఖ ఉదాహరణ దగ్గర సందేశం రాసినవారు సగం నిజం చెప్పారు కాబట్టి, మిగిలిన సగం కాస్త వివరంగా చెప్పాలి. గడ్చిరోలి జిల్లాలోని ఆ గోండు గ్రామానికి 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు దక్కింది. 2011లో తమ వెదురును తామే అమ్ముకునే రవాణా అనుమతి పుస్తకం కూడా గ్రామసభ చేతికే వచ్చింది. అయితే అది 73వ సవరణ ద్వారానో, పంచాయతీ పాలకవర్గం తీర్మానం ద్వారానో వచ్చింది కాదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద వచ్చింది. ఆ చట్టం మూడో సెక్షన్, తాము సంప్రదాయంగా కాపాడుకుంటున్న సామూహిక అటవీ వనరును రక్షించే, పునరుద్ధరించే, నిర్వహించే హక్కును ఆ అడవి మీద ఆధారపడి బతికే సముదాయానికి ఇస్తుంది. అయిదో సెక్షన్ దాని రక్షణ బాధ్యతను గ్రామసభ మీద పెడుతుంది. గ్రామసభ అంటే సర్పంచీ, వార్డు సభ్యులూ కాదు. పద్దెనిమిదేళ్లు నిండిన ఊరి జనమంతా. కోరం కోసం సగం మంది రావాలి, వచ్చినవారిలో మూడో వంతు మంది ఆడవారై ఉండాలి. గిరిజనేతరులైతే 2005 డిసెంబరు 13కు ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా ఆ అడవి మీదే ఆధారపడి ఉన్నామని చూపాలి. మండల కేంద్రంలో రియల్ ఎస్టేట్ ఆఫీసు నడిపే పెద్దమనిషి పాలకవర్గంలో ఉన్నంత మాత్రాన ఆ ఊరు మెండా లేఖ కాదు.

ఇక్కడ ఫారెస్టు శాఖను నేను వెనకేసుకొస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. నల్లమలలో తేనె తీసి, జిగురు ఏరి బతికే చెంచులను తమ అడవిలోనే దొంగల్లా నిలదీసిన చరిత్ర ఆ శాఖకున్నది. 2023 జూన్‌లో రాష్ట్రంలో 4 లక్షలకు పైగా ఎకరాలకు పోడు పట్టాల పంపిణీ మొదలైనప్పుడు కూడా అందరి నోటా వినబడింది వ్యక్తిగత పట్టాల లెక్కే గానీ, సామూహిక హక్కు మాట ఎవరూ పెద్దగా ఎత్తలేదు. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు పెంటల్లో, అంటే చెంచుల గూడేల్లో, గ్రామసభలు అడగవలసింది ఆ హక్కునే. దాన్ని పాలకవర్గం ఆస్తి లెక్కగా మార్చి చెప్పడం వల్ల నష్టపోయేది మొదట చెంచులే.

ఎకో పార్కు సంగతికి వద్దాం. మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల వెళ్లే బాటలో అప్పన్నపల్లి దగ్గర 2,087 ఎకరాల్లో ఉన్న ఆ పార్కు నేటికీ రిజర్వు ఫారెస్టే. అది మయూరి నర్సరీగా ఉన్న కాలం నుంచి అక్కడ పని చేస్తున్నది అటవీ శాఖ. పురపాలక సంఘం అడవిని తీసుకొని పార్కు చేసిందని చెప్పడానికి ఆ ఉదాహరణ ఏ విధంగానూ పనికిరాదు. ఆదివారం పూట పిల్లలతో వెళ్లినవారు చూసేది గేటు దగ్గరి తోటను, ఆటవస్తువులను. మిగతా విస్తీర్ణమంతా సందేశం ‘పనికిరాని తుప్పలు’ అన్న అడవే.

ఆ తుప్పల మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. పాలమూరు అడవి ఆదిలాబాద్ టేకు అడవిలా ఆకాశానికి లేవదు. వాన తక్కువ, నేల పలుచన, అడుగు లోపలే బండ. అక్కడ బతికేది బలుసు, పరికి, తంగేడు, మోదుగ, చండ్ర, రేల. బతుకమ్మకు పేర్చే తంగేడు నర్సరీలో పెరిగింది కాదు, ఈ తుప్పల్లోదే. దసరా దగ్గర పడుతుంటే తెల్లవారకముందే గుట్టెక్కి, కండ్లు తెరిచిన కాయ ఏదో చేత్తో తడిమి తెంపి, గంపలో ఆకు పరిచి సీతాఫలాలు దించుకొచ్చే ఆడవాళ్లను జడ్చర్ల బాట మీద చూడనివారుండరు. దేశమంతా నాటుకునే సీతాఫలం రకానికి బాలానగర్ అని పేరు రావడానికి కారణం ఈ నేలే. ఇదంతా చదును చేసి లాన్ పరిచి, చుట్టూ రంగు కడీలు నాటి కంచె వేస్తే పార్కు తయారవుతుంది, కాదనను. ఆ గంప మాత్రం ఉండదు.

పిల్లలమర్రి మీద చేసిన ఆరోపణ తలకిందులుగా ఉన్నది. మూడెకరాలకు పైగా పరుచుకున్న ఆ ఏడువందల ఏళ్ల మర్రి 2011 నుంచి పర్యాటక శాఖ నిర్వహణలో ఉండేది. కొమ్మలెక్కి ఊగడం, మాను మీద పేర్లు చెక్కడం సందర్శకులకు అలవాటు. లోపల చెద పట్టింది. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడ్డాక సందర్శకులను ఆపేశారు. 2018లో సెలైన్ బాటిళ్ల లాగా వరసగా సీసాలు వేలాడదీసి, నీళ్లలో కలిపిన క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందును చుక్కచుక్కగా మానులోకి ఎక్కించి, వాలిన కొమ్మలకు కాంక్రీటు స్తంభాలు కట్టి నిలబెట్టింది అటవీ సిబ్బందే. పిల్లలమర్రి నిజంగా ఏదైనా చెబుతుందంటే, టికెట్టు మీద దృష్టి పెట్టినచోట చెట్టు మీద దృష్టి తప్పుతుందని చెబుతుంది.

టికెట్టు లెక్క గురించి ఎక్కువ రాయనక్కర్లేదు. పిల్లలమర్రికి, ఎకో పార్కుకు జనం వచ్చేది పక్కనే జిల్లా కేంద్రం ఉన్నందువల్ల. ఇరవై కిలోమీటర్ల లోపలి గుట్టకు టికెట్టు కొని వచ్చేదెవరు? 2023 సవరణ ఎకో టూరిజానికి సడలింపు ఇచ్చినా, ఆ అడవి వర్కింగ్ ప్లాన్ లాంటి నిర్వహణ ప్రణాళికల్లో చేర్చిన ఏర్పాట్లకే ఇచ్చింది. గేటుకు తాళం, చేతిలో రసీదు పుస్తకం ఉంటే సరిపోదు.

అన్నిటికన్నా ముఖ్యం, స్థానిక సంస్థల చేతిలో ఇప్పటికే పూర్తిగా ఉన్న పచ్చని భూమి గతేమిటన్నది. 2018 పంచాయతీ రాజ్ చట్టం ఊరి నిధుల్లో పదో వంతు పచ్చదనానికి పెట్టమన్నది, ఊరికో నర్సరీ ఉండాలన్నది, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలన్నది. 2019 మున్సిపాలిటీల చట్టంలోనూ హరిత బడ్జెట్ ఉన్నది. 2020 నుంచి ఉపాధి హామీ నిధులతో పల్లె ప్రకృతి వనాలు వేశారు. పంచాయతీకొక ట్రాక్టరు, నీళ్ల ట్యాంకరు ఇచ్చారు. వీటిలో దేనికీ ఢిల్లీ అనుమతి అక్కర్లేదు, ఫారెస్టోళ్ల ప్రమేయం లేదు.

మా ఊరి వనాన్ని మొన్న ఫిబ్రవరిలో వెళ్లి చూశాను. ఎకరం లోపే ఉంటుంది. స్వాగత బోర్డు మీద రంగు ఇంకా పోలేదు. నడక బాట మీద మోకాలెత్తు వయ్యారిభామ కలుపు. గోడ వెంట కోనోకార్పస్ మాత్రం నిగనిగలాడుతున్నది. మధ్యలో నాటిన వేప, కానుగ, ఉసిరి మొక్కల గుంతలు మిగిలాయి, కర్రలు మిగిలాయి, కర్రకు కట్టిన గుడ్డపీలికలు కూడా మిగిలాయి, మొక్కలు లేవు. బోరు దగ్గర స్టార్టరు డబ్బా తెరిచి ఉన్నది, లోపల స్టార్టరు లేదు. 2024 ఫిబ్రవరిలో పాత పాలకవర్గం గడువు ముగిసిన నాటి నుంచి దాదాపు రెండేళ్లు ఊరికి ప్రత్యేకాధికారే దిక్కు. ట్యాంకరు ఏ రోజు ఎటు పోయిందో అడిగేవారు లేకపోయారు. ఎకరంలో స్టార్టరు కాపాడుకోలేని వ్యవస్థ, ఎండాకాలం రాకముందే మంటలు పాకకుండా ఫైర్ లైన్లు తీసి, రాత్రుళ్లు మంటలు చూసుకుంటూ వేల ఎకరాలు కాస్తుందని నమ్మమంటున్నారు.

లేఅవుట్ల సంగతి ఇంకా ఘోరం. వెంచరు వేసిన ప్రతివాడూ పార్కు కోసం వదిలిన ఖాళీ స్థలాన్ని గిఫ్టు డీడుతో స్థానిక సంస్థకు రాసివ్వాలి. పార్కుగా చూపిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయించడం చెల్లదని సుప్రీంకోర్టు 1991లోనే బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసులో చెప్పింది. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. పంచాయతీకి నిజంగా బలమిచ్చే తీర్పులు ఇవి. వీటి గురించి ఆ సందేశంలో ఒక్క ముక్క లేదు.

మేనల్లుడికి తీర్మానం రాసే ఇచ్చాను. అందులో మూడంశాలున్నాయి. ఊరి హద్దులోని రెండు వెంచర్లలో పార్కు స్థలాలను సర్వే చేయించి హద్దురాళ్లు నాటడం, గిఫ్టు డీడు నకళ్లను పంచాయతీ ఆఫీసులో గోడకు అంటించడం. వనం బోరుకు స్టార్టరు బిగించి, ట్యాంకరు తిరిగిన వివరాలు రోజూ పుస్తకంలో రాయడం. మా తండావాళ్లు గుట్ట మీద తరతరాలుగా తెచ్చుకుంటున్న సీతాఫలం, తునికాకుల మీద సామూహిక హక్కు కోరే విషయాన్ని గ్రామసభ ముందు పెట్టడం. చదివి, ‘దీంట్ల అడవి ఏది మామా?’ అన్నాడు. మూడో అంశం చూపించాను. దానికి గ్రామసభ కోరం కావాలి, సగం ఊరు రావాలంటే కష్టమన్నాడు. తొలి అంశంలోని వెంచర్లలో ఒకటి పాలకవర్గంలోని వాళ్లదేనన్న సంగతి మా ఇద్దరికీ తెలుసు. తీర్మానం ఇంకా ఎజెండాలోకి ఎక్కలేదు.