కొలిచి చూడని సూత్రం ఎవరికి నమ్మకం?

రేడియేషన్ వెలువడే చోటు నుంచి దూరం రెట్టింపైతే దాని తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. మూడు రెట్లైతే తొమ్మిదో వంతుకు. ఈ విలోమ వర్గ సూత్రాన్ని విద్యార్థులు బట్టీ పట్టి పరీక్షలో రాసేస్తారు. కొలిచి చూసినవాళ్లు మాత్రం అరుదు. రేడియోధార్మిక పదార్థాన్ని బడిలో ఉంచాలంటే అనుమతులు, భద్రత, తల్లిదండ్రుల టెన్షన్, అన్నీ ఉంటాయి.

దూరంగా ఉన్న అసలు పరికరాన్ని ఇంటర్నెట్‌లో నడిపే రిమోట్ ల్యాబ్ ఆ చిక్కును చాలావరకు విప్పింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ విశ్వవిద్యాలయంలో బీటా కణాల్ని (వేగంగా దూసుకొచ్చే ఎలక్ట్రాన్లను) వెలువరించే రేడియోధార్మిక పదార్థం స్ట్రాన్షియం-90 ముందు, వచ్చిన కణాల్ని లెక్కపెట్టే గైగర్ కౌంటర్ అమర్చారు. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం చొరవతో హైస్కూలు పిల్లలు ఇంటర్నెట్ ద్వారా ఆ పరికరాన్ని నడిపారు. ఎంత దూరంలో కొలవాలి, ఎన్ని సెకన్లు, ఎన్నిసార్లు అన్నది వాళ్లే ఎంచుకునేవారు. పరికరం నిజంగా కదిలి, నిజంగా లెక్కపెట్టేది.

కంప్యూటర్‌లో ప్రయోగాన్ని అనుకరించి చూపే సిమ్యులేషన్ చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదనే నా అభిప్రాయం. మామూలు సిమ్యులేషన్‌లో సూత్రాన్ని ముందే రాసి పెడతారు, విద్యార్థికి తిరిగి అదే కనిపిస్తుంది. అసలు పరికరం అలా కాదు. ఒకే దూరంలో, ఒకే సమయంపాటు కొలిచినా ఒకసారి 96 కౌంట్లు వస్తాయి, మరోసారి 109. యంత్రం పాడైందేమో అని పిల్లలు కంగారుపడతారు. పాఠం మొదలయ్యేది అక్కడే. పరమాణువు ఎప్పుడు విచ్ఛిన్నమవుతుందో ముందుగా చెప్పలేం. సగటున 100 కౌంట్లు వచ్చేచోట పది అటూ ఇటూ ఊగడం సహజం. అంటే పది శాతం. 10,000 వచ్చేదాకా ఓపిక పడితే ఊగిసలాట 100, అంటే ఒక శాతమే. ఎక్కువసేపు కొలవమని టీచర్ ఎందుకంటారో అప్పుడు అర్థమవుతుంది.

గ్రాఫ్ కూడా పుస్తకంలోని గీతలా రాదు. రేడియేషన్ వెలువరించే సోర్స్ ఒక బిందువైతేనే సూత్రం సరిగ్గా వర్తిస్తుంది; దగ్గరగా కొలిస్తే, అసలు సోర్స్ బిందువు కాదు కాబట్టి లెక్క తప్పుతుంది. దూరం పోయేకొద్దీ పరిసరాల్లో సహజంగా ఉండే రేడియేషన్ కౌంట్‌లో కలిసిపోతుంది. దాన్ని విడిగా కొలిచి తీసేయాలి. బీటా కణాల్ని గాలి కూడా కొంత పీల్చుకుంటుంది. సూత్రం ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో విద్యార్థి తన అంకెలతోనే తేల్చుకుంటాడు.

లోటు లేదని కాదు. పరికరాన్ని చేత్తో పట్టుకునే అనుభవం రాదు. సీసపు డబ్బాలోంచి సోర్స్‌ను జాగ్రత్తగా తీసే అలవాటు రాదు. అయితే నన్ను ఎక్కువగా బాధపెట్టేది వేరే. సమయం లేదంటూ టీచరే దూరాలన్నీ నింపి ఇచ్చేస్తే, అక్కడున్నది అసలు పరికరమైనా విద్యార్థికి సిమ్యులేషన్‌తో సమానమే. సూత్రం చెప్పకముందే కొలవనివ్వాలి. మొదటి గ్రాఫ్ వంకరగా వచ్చినా దిద్దకుండా, మళ్లీ కొలవడానికి ఇంకో పీరియడ్ ఇవ్వాలి.