సవరణ: రికార్డింగ్ ల్యాప్‌టాప్‌లో ముందుగా చూడవలసినది

రికార్డింగ్ కోసం విండోస్ ల్యాప్‌టాప్ ఎంపికపై ఇదివరకు రాసిన దానిలో "ప్రాసెసర్ కోర్లు ఎన్ని ఎక్కువైతే అంత మంచిది" అన్న వాక్యాన్ని మిక్సింగ్‌కు (రికార్డు చేసిన ట్రాక్‌లను కలిపే పనికి) మాత్రమే వర్తింపజేసుకోండి. ప్లగిన్లు (శబ్దానికి మెరుగులు దిద్దే చిన్న సాఫ్ట్‌వేర్లు) పెరిగినప్పుడు కోర్లు అక్కరకొస్తాయి. తన గొంతును హెడ్‌ఫోన్లలో వింటూ పాడే గాయనికి మాత్రం ఆ గొంతు చెవికి చేరడంలో జరిగే ఆలస్యమే అసలు శత్రువు. ల్యాప్‌టాప్ శబ్దాన్ని బఫర్ అనే చిన్న విడతలుగా తీసుకుని లెక్కిస్తుంది. 48 కిలోహెర్ట్జ్ వద్ద, అంటే సెకనుకు 48,000 శాంపిళ్లు (శబ్దపు కొలతలు) తీసుకునేటప్పుడు, 128 శాంపిళ్ల బఫర్ అంటే సుమారు 2.7 మిల్లీసెకన్లు. ప్రతి విడత లెక్కా ఆలోగా పూర్తికావాలి. వైఫై డ్రైవరో, గ్రాఫిక్స్ డ్రైవరో మధ్యలో అడ్డుపడితే ఎంత ఖరీదైన యంత్రంలోనైనా శబ్దం చిటపటలాడుతుంది, మంచి టేక్ పాడవుతుంది. అందుకే తిరిగి ఇచ్చే గడువు ఉండగానే డ్రైవర్ల వల్ల కలిగే ఆలస్యాన్ని చూపే లేటెన్సీమాన్ సాఫ్ట్‌వేర్‌తో తప్పక పరీక్షించండి. ఆడియో ఇంటర్‌ఫేస్‌కు (మైకును ల్యాప్‌టాప్‌కు కలిపే పరికరానికి) తయారీదారు ఇచ్చిన ఏఎస్‌ఐఓ డ్రైవర్‌నే, అంటే ఆలస్యాన్ని తగ్గించే ఆడియో డ్రైవర్‌నే వాడండి. 16 జీబీ ర్యామ్ సలహాలో మార్పు లేదు. భారీ వాద్య లైబ్రరీలు (వాద్యాల శబ్దాల సంగ్రహాలు) వాడేవారు 32 తీసుకోండి.