అంగుళం సూది గారికి

శ్రీయుత అంగుళం సూది గారికి నమస్కారాలు. మీరు క్షేమమని తలుస్తాను, మీకేంలెండి, ఒకసారి గుచ్చి డబ్బాలో పడతారు, తర్వాత మోసేది మేం.

నిన్న నా టైటర్ రిపోర్ట్ వచ్చింది, అంటే టీకాకి ఒంట్లో యాంటీబాడీలు (రోగాన్ని అడ్డుకునే ప్రొటీన్లు) ఎంత తయారయ్యాయో చెప్పే రక్తపరీక్ష. హెపటైటిస్ బి మూడు డోసులూ ఒక్క రోజు అటూఇటూ కాకుండా మీ చేతే గుచ్చించుకున్నా కదా, కనీసం 10 ఉండాలి, నాకొచ్చింది 4. ల్యాబ్‌లో రోజంతా రక్తం గొట్టాలు పట్టుకునేదాన్ని, 4 పెట్టుకుని ఏం చేస్కోను? రెండింటి నుంచి ఐదు దాకా వరండాలో కూచోబెట్టి, చివరికి పిలిచిన డాక్టరు గారు కాగితం చూడలేదు, నన్ను చూసి "వెయిట్ తగ్గాలమ్మా" అన్నారు. అంతే. అది చెప్పడానికి మూడు గంటలు.

నా బరువు 96 కిలోలు, దాచేదేం లేదు, మీ కారిడార్‌లో మెషీన్ ఎక్కించి ఆయమ్మ వార్డు మొత్తానికి చదివి వినిపించింది. 90 కిలోలు దాటిన ఆడవాళ్లకి ఒకటిన్నర అంగుళం సూది వాడాలని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ రాసి పెట్టింది. మరి మీరెంత? 25 మిల్లీమీటర్లు. మందు కండలో దిగాలి, మీరేమో కొవ్వు దగ్గరే ఆగి, గేటు బయట పార్సిల్ పడేసి డెలివర్డ్ అని మెసేజ్ పెట్టే కొరియర్ కుర్రాడిలా పోయారు.

తప్పంతా మీదేనని అనను. కొవ్వు ఎక్కువైతే ఒంట్లో ఎప్పుడూ సన్నటి సెగ రగులుతూ ఉంటుంది, రోగాలతో పోరాడే టి కణాలు బద్ధకిస్తాయి. ఫ్లూ టీకా అయితే మరీ మాయ, నెలకి చూస్తే యాంటీబాడీలు భేషుగ్గా ఉంటాయి, ఏడాది తిరిగేసరికి మాలాంటోళ్లలో ఎక్కువ పడిపోతాయి. ఒప్పుకున్నా.

కానీ ఈ హెపటైటిస్ టీకా లావుగా ఉన్నవాళ్లకి సరిగ్గా పట్టదని 1985లోనే ఆస్పత్రి స్టాఫ్‌ని చూసి చెప్పారు, నేనప్పటికి పుట్టనేలేదు. లావు పిల్లలకి పొడుగు సూదితో వేస్తే టైటర్ ఎక్కువొచ్చిందని 2010లో తేల్చారు. అయినా ట్రేలో ఎప్పుడు చూసినా నువ్వే, ఆ నీలం మూతేసుకుని! పెద్దది లేదా అక్కా అని సిస్టర్‌ని అడిగితే "ఇండెంట్‌లో ఒకటే సైజొస్తదే" అంది, ఇండెంట్ అంటే ఆస్పత్రికి సరుకు తెప్పించే చీటీ. బీపీ పట్టీ కూడా అంతే, నా చేతికి చుడితే టప్పున ఊడిపోద్ది. అది కూడా నా తప్పేనంట.

సోమవారం మళ్లీ మొదటి డోసు, మళ్లీ ఆరు నెలలు. నాలుగు మెడికల్ షాపులు తిరిగి ఒకటిన్నర అంగుళంది నేనే కొని హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకున్నా. నువ్వు ట్రేలోనే ఉండు.

ఇట్లు,
నీ ఎడమ భుజం బాధితురాలు