బొమ్మలేసే పిల్లలకీ దారి ఉందండీ

యాప్‌లు తయారుచేయాలంటే సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్) ఒక్కటే దారి అన్నట్టు ఒకరు రాశారు, అక్కడే నాకు పేచీ. మా అక్క కూతురు ఎంపీసీ చదువుతూ, ఎంసెట్ టెన్షన్‌లో ఉండగానే యూసీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాసింది. ఐఐటీ బాంబే పెట్టే ఈ పరీక్ష ఇంటర్‌లో ఏ గ్రూపు వాళ్లైనా రాయొచ్చు; బొమ్మ వేయడం కూడా ఉంటుంది. ఐఐటీ హైదరాబాద్‌లో బీడెస్ (డిజైన్ డిగ్రీ) సీట్లు ఈ ర్యాంకుతోనే. (మా బావగారి లెక్కలో ఇప్పటికీ అది కుట్లు అల్లికల కోర్సే!) ఇప్పుడు తనకి రెండో ఏడాది. మొన్న సెలవుల్లో వచ్చి, కరెంటు బిల్లు కడుతూ మా అమ్మ ఫోన్‌లో ఎక్కడెక్కడ తడబడుతోందో పక్కన కూర్చుని రాసుకుంది. యాప్‌లో వెనక్కి వెళ్లే బాణం గుర్తు అమ్మకి అసలు కనపడనే లేదు! ఇలాంటివి గమనించడం కూడా యాప్ డిజైన్‌లో పనే. కోడింగ్ కూడా కొంత నేర్చుకుంటోంది, తప్పదుగా. ప్రైవేటు కాలేజీలో బీడెస్ అయితే మాత్రం ఫీజు ముందే కనుక్కోండి.