అవును బావగారూ, మావాడిది కాంట్రాక్టు ఉద్యోగమే

పెరుగన్నం దగ్గర విస్తరి వదిలేసి లేచొచ్చేశాను ఈరోజు. యాభై నిండాయి నాకు, ఇలాంటి పని ఎప్పుడూ చేయలేదు. మా ఆవిడ ఇంకా మాట్లాడట్లేదు. "పెద్దాయన ఏదో నోరుజారారు, ఆమాత్రానికి అన్నం మీద అలుగుతారా" అని మధ్యాహ్నం అన్నదే ఆఖరి మాట.

చుట్టాలింట్లో గృహప్రవేశం. బంతిలో నా ఎడమ పక్క మా అక్క మొగుడు, బావగారు. ఎదురుగా కూర్చున్నాయన "మీ అబ్బాయి ఏం చేస్తున్నాడండీ" అని నన్నడిగాడు. నన్ను! నేను నోట్లో ముద్ద మింగేలోపు బావగారు అందుకున్నారు. "మిలిటరీ అని చెప్పుకుంటారు గానీ, ఆ నాలుగేళ్ల కాంట్రాక్టు లేదూ, అది. తర్వాత ఏ ఏటీఎం దగ్గరో సెక్యూరిటీ గార్డు ఖాయం." బంతంతా నవ్వింది. సాంబారు బకెట్టు పట్టుకున్న కుర్రాడు కూడా నవ్వాడు.

సైన్యంలో ఆ నాలుగేళ్ల ఉద్యోగాన్నే అగ్నివీర్ అంటారు. ఆ లెక్కలు నాకు ఈయన చెప్పాలా? మొదటి ఏడాది నెలకి 30 వేలని కాగితం మీద, చేతికొచ్చేది 21 వేలు. నాలుగేళ్లయ్యాక 11 లక్షల 71 వేలు ఇస్తారని ఊరంతా చెప్పుకుంటారు, అందులో సగం వాడి జీతంలో కోసిందేనని ఎవరూ చెప్పరు. పింఛను లేదు. నూటికి పాతిక మందినే ఉంచుకుంటారు. ఆ పాతికలో మావాడుంటాడా లేదా అని 2027 కోసం రోజూ రాత్రి పైకప్పు చూస్తూ లెక్కపెట్టేది నేను. ఆయన కాదు.

పశ్చిమ గోదావరిలో మాధవరం అని ఊరుంది, మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి తరతరాలుగా పట్టాళానికి మనుషుల్ని పంపుతూనే ఉంది. ఆ ఊళ్లో బంతిలో కూర్చుని ఈ మాట అనమనండి చూద్దాం.

సరే, నేను మాత్రం తక్కువ తిన్నానా? ఇది ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా. 2023లో తెల్లవారుజామున నాలుగింటికి వాడు పరిగెత్తేవాడు. స్కూటరు మీటరు చూసి 1600 మీటర్లు కొలిచి, చివర కల్వర్టు మీద సున్నం గీత గీశాను. లైటు వేసుకుని, ఫోన్లో స్టాప్‌వాచ్ పట్టుకుని నేను ఆ గీత దగ్గర. ఆర్మీ భర్తీ ర్యాలీలో అప్పట్లో ఆ దూరం 5 నిమిషాల 30 సెకన్లలోపు వస్తే 60 మార్కులు, ఒక్క సెకను దాటితే 48. ఒకరోజు ఆయాసంతో వంగిపోయి "ఎంత నాన్నా" అన్నాడు. ఫోన్లో 5:27 ఉంది. 5:41 అని చెప్పాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలీదు. ఇంకా కసిగా పరిగెడతాడనా, వదిలేస్తాడనా? వాడు మాట్లాడకుండా చెప్పులేసుకుని ఇంటికి నడిచొచ్చాడు. మర్నాడు నన్ను లేపకుండానే వెళ్లాడు.

ర్యాలీలో 60కి 60 తెచ్చుకున్నాడు లెండి.

గోల్కొండ ఆర్టిలరీ సెంటర్లో 31 వారాలు శిక్షణ. శిక్షణ అయ్యాక ప్రమాణం చేయించే కసమ్ పరేడ్ రోజు తల్లిదండ్రులకి గౌరవ్ పదక్ అని ఒక పతకం ఇస్తారు. అది మా ఆవిడ బీరువాలో చీరల మధ్య దాచింది. సెలవుకి వచ్చినప్పుడు చూశాను, వేడివేడి టీ రెండే గుక్కల్లో తాగి గ్లాసు అక్కడికక్కడే కడిగి బోర్లించేస్తున్నాడు. "మెల్లగా తాగరా, ఎవరూ విజిల్ వెయ్యట్లేదు" అంటే నవ్వాడు. వాళ్లమ్మ నవ్వలేదు.

ఇక 2025 మే నెల. ఆపరేషన్ సిందూర్. వాడెక్కడ ఉన్నాడో రాయకూడదు, రాయను. 7వ తారీఖు నుంచి ఫోన్ స్విచాఫ్. 9న మన గోరంట్ల మండలం కల్లితండా పిల్లాడు మురళీ నాయక్ నియంత్రణ రేఖ దగ్గర పోయాడని టీవీలో వచ్చింది. అతనూ అగ్నివీరుడే. మా ఆవిడ స్టవ్ కట్టేసి వంటింట్లో నేల మీద కూర్చుండిపోయింది. 10న సాయంత్రం కాల్పుల విరమణ అన్నారు. అప్పుడు ఫ్యామిలీ గ్రూపులో బావగారి మెసేజ్: "ఛ, ఆపేశారేంటి? ఇంకో నాలుగు రోజులు కొడితే పీడా పోయేది." కింద మూడు జెండాలు, ఒక పిడికిలి. ఇంకో నాలుగు రోజులట! ఈయన సోఫాలో జీడిపప్పు నములుతూ అడిగే నాలుగు రోజులు ఎవరివండీ? ఆయన కొడుకు డల్లాస్‌లో ఉన్నాడు. ఆ గ్రూపులో ఆ మెసేజ్‌కి పదిహేడు లైకులు. అన్నీ మనవాళ్లవే.

డల్లాస్ అంటే గుర్తొచ్చింది. ఆ అబ్బాయి వెళ్లేటప్పుడు విశాఖ ఎయిర్‌పోర్టుకి మూడు కార్లు. మా ఇంటి నుంచే పులిహోర. అదే విశాఖలో మావాడు రైలెక్కిన రోజు ప్లాట్‌ఫాం మీద నేను, వాళ్లమ్మ, ఒక నల్ల ట్రంకుపెట్టె. అక్క ఫోన్ చేసింది, "ఎండగా ఉందిరా" అని.

అసలు ఇదంతా ఇవాళ్టిది కాదు. 1997లో నేను కూడా వెళ్లాను సెలక్షన్‌కి. పరుగు అయింది, మెడికల్ అయింది, ఇంటికి కాగితం వచ్చింది. బావగారు కొత్త అల్లుడు, ఆయన మాటకి మా ఇంట్లో తిరుగులేదు. అరుగు మీద మా నాన్న పక్కన కూర్చుని "మావయ్యగారూ, ఒక్కగానొక్క మగనలుసు, రేపు కొరివి పెట్టేదెవరు" అన్నారు. అంతే. కాగితం పొయ్యిలోకి, నేను ఎలక్ట్రికల్ సామాన్ల కొట్లోకి. కొరివి నేనే పెట్టాను, అది నిజమే. ఫ్యాను రెగ్యులేటర్లు కూడా నేనే అమ్ముతున్నాను.

ఈ పోస్టు రాస్తుండగానే ఆయన నుంచి మెసేజ్ వచ్చింది. సారీ ఏమో అనుకున్నాను, పిచ్చివాణ్ణి. "కుర్రాడు సెలవుకి ఎప్పుడొస్తున్నాడు? వచ్చేటప్పుడు క్యాంటీన్ నుంచి రెండు రమ్ము బాటిళ్లు తెమ్మను. మిలిటరీ సరుకు మిలిటరీ సరుకే."

"కాంట్రాక్టు వాళ్లకి ఇవ్వరట బావగారూ" అని పెట్టాను.

బ్లూ టిక్కులు పడ్డాయి.